నల్లచుక్కల సాక్ష్యం

నా తల లోపలి ఫొటోను డిగ్నాబాద్‌లోని మా తెలుగు సంఘమంతా చూసింది. సండే స్కూలు పిల్లలు చూశారు. కానుకల సంచి పట్టే పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. నేను చూడటానికి మాత్రం చాలా నెలలు పట్టింది. తల నాది! ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంట చల్లారకముందే రాసెయ్యమంది మా అమ్మాయి స్నేహ. ఎడమచేత్తో రాస్తున్నాను. నేను రాసింది తను టైపు చేస్తుంది. దానికి తెలుగు మాట్లాడినంత బాగా చదవడం రాదు. కాబట్టి తప్పులుంటే సగం నావి, సగం దానివి.

వానలు మొదలైనప్పుడు

నా పేరు రూతు. స్వాతంత్ర్యం వచ్చాక మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కూలిపనికి ఓడెక్కి సముద్రం దాటి వచ్చి ఈ దీవుల్లోనే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టాను. సునామీ వచ్చిపోయిన పదిపన్నెండేళ్ళకు నాకీ జబ్బు వచ్చింది. అప్పటికి జెట్టీ దగ్గర స్టీమరు టికెట్ల కిటికీలో పనిచేస్తున్నాను. క్యూ తప్పి దూరినవాణ్ణి వెనక్కి పంపడానికి నాకు పోలీసు అక్కర్లేదు, నా నోరు చాలు. ఆ నోరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒకనాడు పొద్దున కిటికీ తెరిచిన కాసేపటికి తల వెనక ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. ఎదురుగా ఉన్న మనిషి "దీదీ, దో టికెట్" అన్నాడు. పేరు చెప్పండి అన్నాననుకున్నాను. అతను బెదిరిపోయి చూశాడు. నా నోట్లోంచి వచ్చింది మాట కాదు. కుడిచెయ్యి బల్ల మీద నుంచి జారి ఒళ్ళో పడింది. అది నా చెయ్యేనా అని చూస్తూనే కింద పడిపోయాను.

తలలో రక్తనాళం చిట్లి రక్తం కారిందని ఆసుపత్రిలో చెప్పారు. నాకు అన్నీ వినబడేవి, అన్నీ అర్థమయ్యేవి. నోటివెంట మాత్రం ఒక్క మాటే వచ్చేది: "అవును." దుప్పటి కప్పమంటావా అంటే అవును. చెమటలు పడుతున్నాయి, వద్దు అని లోపల అరిచేదాన్ని, బయటికి మళ్ళీ అవునే. కప్పేవారు. మనిషికి "కాదు" అనే మాట లేకపోతే ఏమవుతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఆసుపత్రి కసరత్తు గదిలో ఒక బెంగాలీ అమ్మాయి ఉండేది. నా కుడిచేతిలో రబ్బరు బంతి పెట్టి, "దీదీ, ఫిర్ సే" అనేది. మళ్ళీ చెయ్యమని రోజూ అదే మాట, విసుగు లేకుండా. నెల తిరిగేసరికి బొటనవేలు కదిలింది. గింజంత కదలిక. ఆ అమ్మాయి పక్కగదిలో వాళ్ళందరినీ పిలుచుకొచ్చి చూపించింది. నాకంటే తనే ఎక్కువ మురిసిపోయింది.

మా ఆయన సుందర్రావు లైన్‌మన్. స్తంభమెక్కి ఫ్యూజు వేస్తే వీధంతా ఒక్కసారి వెలగడం అలవాటైన మనిషి. బొటనవేలు ఒక్కటి కదలడం ఆయనకు ఆనలేదు. సరిగ్గా అప్పుడే ఎవరో ఆయన ఫోనుకు ఒక క్లినిక్ వీడియో పంపారు.

"రూతూ, మెయిన్‌లాండ్‌లో ఒక క్లినిక్కు ఉందంట. నీ ఎముకలోంచి కణాలు తీసి నీ తలలోకే పంపుతారంట. అవి వెళ్ళి పాడైన జాగా బాగుచేస్తాయంట. ఎల్దామా?"

"అవును," అన్నాను. వద్దని చెప్పబోయి.

"డాడీ, పహలే ఇక్కడి డాక్టర్‌ని అడుగుదాం. ఏటీ తెలీకండా ఎలా వెళ్తాం?" అంది స్నేహ.

"నీకేటి తెలుసే? మీ అమ్మ తిట్టి ఎన్నాళ్ళయింది? ఆ తిట్లు ఇనకపోతే నాకు అన్నం దిగట్లేదు," అన్నాడాయన.

అందుకే ఆయన మీద నాకు పూర్తిగా కోపం రాదు. వచ్చినా నిలవదు.

క్రిస్మస్‌కు ముందు

సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. తలా ఒక చెయ్యి వేసి మమ్మల్ని స్టీమరెక్కించారు. ఆ మంచితనానికి నేను ఇప్పటికీ రుణపడే ఉన్నాను. ఆ మంచితనాన్ని క్లినిక్కువాళ్ళు వాడుకున్న తీరుకే నా ఉక్రోషమంతా.

ఆ క్లినిక్కు కూర్చునే గది గురించి చెప్పాలి. వణికించే ఏసీ, గాజుతొట్టెలో రంగుచేపలు, గోడకు పెద్ద టీవీ. టీవీలో పక్షవాతం రోగులు లేచి నడుస్తుంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ళే లేస్తారు, వాళ్ళే నడుస్తారు. గదిలో కూర్చున్నవాళ్ళం మాత్రం ఒక్కరమూ లేవలేదు.

డాక్టరు నున్నగా మాట్లాడేవాడు. "తల కొయ్యక్కర్లేదు, తెరవక్కర్లేదు. కణాలకు సన్నటి ఇనుము పట్టించి పంపుతాం. స్కాను తీస్తే ఇనుమున్న చోట నల్లచుక్కలు కనబడతాయి. మీ కణాలు ఎక్కడికి వెళ్ళాయో మీ కళ్ళతో మీరే చూసుకోవచ్చు" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. లైను ఎక్కడికి వెళ్ళిందో కంటికి కనబడితే ఇంకేం కావాలి లైన్‌మన్‌కు!

తుంటి ఎముకలో ఒక సూది, తరువాత వెన్నులో ఒక సూది. అంతకంటే రాయను. తరువాత జ్వరం వచ్చింది, మెడ వంగనంత తలనొప్పి వచ్చింది. "కణాలు పనిచేస్తున్నాయన్నమాట" అంది నర్సు నవ్వుతూ. అక్కడ నొప్పి కూడా శుభవార్తే.

స్కాను ఫిలిములు చేతికిచ్చిన రోజున ఆ గదిలో జరిగింది చూసి తీరాలి.

"మీకెన్ని చుక్కలొచ్చాయండీ?"

"మావాడికి చాలా వచ్చాయి. మీకో?"

"నాలుగే. మళ్ళీ ఒకసారి రమ్మన్నారు."

పదో తరగతి మార్కుల్లా చెప్పుకున్నారు. తక్కువ చుక్కలు వచ్చినవాళ్ళు ఏదో తప్పు చేసినట్టు తల దించుకున్నారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం ఏమీ అడగలేదు. నా నోటి చివర నుంచి కారుతున్న చొంగను తన కొంగుతో తుడిచి, మళ్ళీ తన కొడుకు వైపు తిరిగింది. ఆ క్లినిక్కులో నాకు జరిగిన ఒకే ఒక్క వైద్యం అది.

వచ్చేసేటప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పాడు. "కొన్ని నెలలు చెయ్యి కదపనివ్వకండి. కసరత్తులు వద్దు. కణాలు పాతుకోవాలి. నారు వేసిన మడిలో కాలు పెడతామా?" ఎంత ముద్దుగా చెప్పాడో! ఈ మాటకు నేను వాళ్ళను ఈ జన్మలో క్షమించను. గుమ్మం దగ్గర ఒకమ్మాయి ఫోను కెమెరా నా ముఖం ముందు పెట్టి, "అమ్మా, మా వైద్యంతో బాగుందా?" అని అడిగింది.

"అవును," అన్నాను.

కృతజ్ఞత కూడిక

మా సంఘంలో ఒక అలవాటుంది. ఎవరికోసమైనా అందరూ ఉపవాసముండి ప్రార్థిస్తే, వాళ్ళు తిరిగొచ్చాక నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే దేవుడు చేసిన మేలు దాచుకున్నట్టు. చెప్పలేనివాళ్ళ తరఫున ఇంటివాళ్ళు చెప్పవచ్చు. కొత్త సంవత్సరంలో మొదట వచ్చిన కూడికలో నా తరఫున మా ఆయన లేచాడు.

మా పాస్టరు అయ్యగారు ఫిలిమును చర్చి కిటికీ అద్దానికి అంటించమన్నారు. బయట ఎండ బాగా ఉంది. నా మెదడు తెల్లగా వెలిగిందట. మా ఆయన చొక్కా జేబులోంచి కరెంటు టెస్టరు తీసి దాంతో చూపించడం మొదలుపెట్టాడు. నన్ను ముందు బెంచీలో, కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టారు. నన్ను దానివైపు తిప్పాలని ఒక్కరికీ తోచలేదు.

"ఇదిగో, ఇవన్నీ మా రూతు కణాలు. ఈ పెద్ద మచ్చ కాడ గుంపుగా చేరినాయి. మన తాతలు ఈ దీవులకొచ్చి సెటిలైనట్టు, దేవుడు వీటిని దాని తలలో సెటిల్ చేసినాడు!"

"స్తోత్రం!" అన్నారందరూ. వరసగా వచ్చి చూశారు. ఒకరిద్దరు ఆ మచ్చను వేలితో తాకి కళ్ళకద్దుకున్నారు.

"రూతూ, బాగుంది కదూ?" అని అడిగాడు మా ఆయన.

నా కుడిచెయ్యి ఒళ్ళో చచ్చినట్టు పడి ఉంది. నోట్లో ఒక్క మాట తప్ప ఏమీ లేదు. ఆ ఒక్క మాటే వచ్చింది.

"అవును."

హల్లెలూయా అని పైకప్పు రేకులు అదిరేలా అరిచారు. లోపల నేను ఎంత గట్టిగా అరిచానో ఎవరికీ వినబడలేదు.

ఊరకే పోయిన నెలలు

చేతిని చున్నీతో మెడకు కట్టారు. పడుకున్నప్పుడు దిండు మీద పెట్టారు. గాజుసామానులా చూసుకున్నారు. బెంగాలీ అమ్మాయి రెండుసార్లు కబురు పంపింది. "ఇప్పుడొద్దు, కణాలు పాతుకుంటున్నాయి" అని మా ఆయన తిప్పి పంపాడు. నేను ఎడమచేత్తో ఆసుపత్రి వైపు చూపించేదాన్ని. "కొన్నాళ్ళు ఓపిక పట్టు వదినా" అనేవారు వచ్చినవాళ్ళు. అందరూ నా ముఖం చూసి కాదు, నా మంచం వెనక గోడకు తగిలించిన ఫిలిము చూసి మాట్లాడేవారు. వెనక వెలుతురు లేక నాకది ఉత్త నల్లటి అట్టలానే కనబడేది. ఫిలిములో బాగుంది కాబట్టి నాకు బాగున్నట్టే.

వేళ్ళు ముడుచుకోవడం మొదలైంది. ముందు చిటికెనవేలు, తరువాత దాని పక్కవి. గోళ్ళు అరచేతిలో గుచ్చుకునేవి. వాటిని తీయడానికి స్నేహ నా పిడికిలిని తెరవబోయి ఏడ్చేసింది. కదిలిన ఆ బొటనవేలు కూడా లోపలికి పోయి దాక్కుంది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నాకు ఫిట్స్ వచ్చాయి. ఈసారి ఇక్కడి డాక్టర్లు మెయిన్‌లాండ్‌లోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి పంపారు. ఏసీ లేదు, చేపల్లేవు. బెంచీ మీద చోటు కోసం గొడవపడాలి. ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఒక లేడీ డాక్టరు ముందు కూర్చున్నాం. మా ఆయన ఫిలిము తీసి, తనకు అలవాటైన సాక్ష్యం మొదలుపెట్టాడు.

ఆవిడ అంతా విన్నారు. తరువాత మా ఆయన్ని కాదు, నన్ను చూశారు. "మీరు చూశారా అమ్మా ఇది?" అని అడిగి, ఫిలిమును వెలుతురుకు పెట్టి నావైపు తిప్పారు. అప్పుడు చూశాను నా తలను.

"ఈ స్కాను ఇనుమును చూపిస్తుంది. ఆ ఇనుమును మోసుకెళ్ళిన కణం బతికుందో లేదో చెప్పదు. కణం చచ్చిపోయినా ఇనుము అక్కడే ఉండొచ్చు. చెత్త ఏరే కణాలు వచ్చి దాన్ని మింగి కూర్చుంటాయి. చుక్క అలాగే కనబడుతుంది," అన్నారావిడ.

"మరి ఈ పెద్ద మచ్చండీ? గుంపుగా చేరినాయన్నారు," అన్నాడు మా ఆయన.

ఆవిడ మా సంచిలోంచి జబ్బు చేసిన మొదటిరోజు తీసిన స్కాను వెతికి పక్కన పెట్టారు. "మీ ఆవిడకు రక్తం కారింది సరిగ్గా ఇక్కడే. రక్తంలోనూ ఇనుముంటుంది. దాని మరక కూడా ఇలాగే నల్లగా ఉంటుంది. మిగతా చుక్కల సంగతి తేల్చాలంటే సూది వెయ్యకముందు ఇదే రకం స్కాను తీసి ఉండాలి. ముందు ఫొటో ఏది?"

ముందు ఫొటో లేదు. వాళ్ళు తీయలేదు. తీయాలని మాకు తెలియదు.

"పద్ధతి తప్పు కాదు. పరిశోధన చేసేవాళ్ళు ముందూ తీస్తారు, తరువాతా తీస్తారు, అప్పుడు కూడా అనుమానంతోనే చూస్తారు. రోగి మెరుగయ్యాడా అని వేరే చూస్తారు. వీళ్ళు ఒక్క ఫొటో తీసి దాన్నే సర్టిఫికెట్టు చేశారు." ఆవిడ నా పిడికిలిని చేతిలోకి తీసుకున్నారు. "కసరత్తు ఎందుకు మానేశారు?"

మా ఆయన చెప్పాడు. ఆవిడ నా అరచేతిలో గోళ్ళు గుచ్చుకున్న చోటు చూశారు. తరువాత నన్ను అడిగారు: "కోపంగా ఉందా అమ్మా?"

"అవును," అన్నాను. ఇన్ని నెలల్లో ఆ మాట మొదటిసారి సరైన చోట పడింది.

నన్ను పడగొట్టిన రక్తపు మరక అది. దాన్నే మా సంఘం కళ్ళకద్దుకుంది.

మళ్ళీ వానలు

బెంగాలీ అమ్మాయి దగ్గరికి తిరిగి వెళ్ళాను. నన్ను చూసి ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. బంతి తీసింది. పిడికిట్లో అది దూరలేదు. బంతి పక్కన పెట్టి, వేళ్ళను ఒక్కొక్కటిగా సాగదీయడం మొదలుపెట్టింది.

మాట నేర్పడానికి ఆ అమ్మాయి పాట పట్టుకుంది. మాట్లాడలేనివాళ్ళు పాడగలరట. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన పాటలు నా గొంతులో అలాగే ఉన్నాయి. వాటిని పాడుతూ పాడుతూ మధ్యలో ఆగి మాట లాక్కునేదాన్ని. అలా నాకు మొదట తిరిగొచ్చిన మాట తెలుగు కూడా కాదు: "నహీ!" ఇంట్లో ఎవరేమడిగినా నహీ అనేదాన్ని. టీ కావాల్సి ఉన్నా సరే నహీ. ఆ మాట నోట్లో తిరుగుతుంటే బెల్లం చప్పరించినట్టుండేది. తెలుగు తరువాత వచ్చింది, ముక్కలు ముక్కలుగా.

చెయ్యి మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు. ముందే చేసి ఉంటే వచ్చేదని ఎవరూ రాసివ్వలేరు, నిజమే. కానీ బొటనవేలు ఒకప్పుడు కదిలింది. అది నేను చూశాను.

ఏడాది గడిచాక, సాక్ష్యం సరిదిద్దాలని మా ఆయనతో అన్నాను. ఆయన అదిరిపడ్డాడు. "దేవుడి ముందర చెప్పిన మాట వెనక్కి తీసుకుంటామేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"దేవుడు... కాదు. క్లినిక్కు," అన్నాను.

ఆయన టెస్టరు జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇంతలో ఇదే దీవిలోని తుష్నాబాద్ నుంచి ఆనందమ్మ అనే ఆవిడ మా సంఘానికి వచ్చింది. ఆమె భర్త యోహాను జీపు నడిపేవాడు. అతనికీ కుడివైపు పడిపోయింది. క్లినిక్కు వీడియోలో నన్ను చూసిందట. అయ్యగారు ఆదివారం ప్రకటించారు: "రూతమ్మగారికి జరిగిన మేలే యోహానుగారికీ జరగాలని ఈ వారమంతా ఉపవాస ప్రార్థన."

నేను లేచాను. మా ఆయన నా చీర కొంగు పట్టుకుని లాగాడు. లాక్కున్నాను.

"అయ్యగారూ. నాకు... మేలు... జరగలేదు."

నా పిడికిలిని ఎడమచేత్తో పైకెత్తి చూపించాను. "చుక్కలు... ఇనుము. పెద్దది... పాత రక్తం. ఆనందమ్మా, సూదికి ముందు... ఫొటో అడుగు. తియ్యకపోతే... వచ్చెయ్. చెయ్యి... ఆపొద్దు. కసరత్తు... ఆపొద్దు."

ఆనందమ్మ కూడా లేచి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. "మరి మాట్లాడతన్నావు గదక్కా! నోరు పడిపోయినదానివి ఇలా నిలబడి చెప్తన్నావు. ఆ కణాలు లేకపోతే ఈ మాటలెక్కణ్ణుంచి వొచ్చినాయి? నీకు బాగయిపోయి, మా ఆయన్ని మాత్రం ఎల్లొద్దంటావేటి?"

"నిజమే కదా" అన్నారు వెనక బెంచీల్లో. నేను ఎంత బాగా చెబితే క్లినిక్కుకు అంత బలం! ఏడాది పాటు చెమటోడ్చి తెచ్చుకున్న నా నోటిని కూడా వాళ్ళ ఖాతాలోనే వేశారు. ఆ కోపంలో, నాకున్న నాలుగు మాటలూ ఎగిరిపోయాయి. పెదాలు ఊరకే కదిలాయి.

అప్పుడు మా ఆయన లేచాడు.

"ఆ మాటలు కణాలవి కావమ్మా," అన్నాడు. "కణాలెక్కించి తెచ్చాక నెలలు గడిచినా దానికి ఒక్క మాట రాలేదు. తరవాత అది పొద్దున్నే లేచి వంటింట్లో గిన్నె గిన్నెకీ పేరు చెప్పుకునేది. తప్పితే తల కొట్టుకుని మళ్ళీ చెప్పుకునేది. నాను మంచం మీంచి ఇన్నాను. ఆ ఫొటో చదవడం నాకు రాదు. వొచ్చినట్టు చెప్పినాను."

కూర్చుండిపోయాడు. అయ్యగారికి ఏం చెయ్యాలో తోచక పాట అందుకున్నారు. ఎవరూ సరిగా పాడలేదు.

ఆనందమ్మ నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. తరువాతి స్టీమరుకు భర్తను తీసుకుని మెయిన్‌లాండ్‌కు బయలుదేరిందని తెలిసింది. మా ఆయన ఫిలిమును గోడ మీంచి తీసి ఎక్కడో పెట్టేశాడు. ఎక్కడని నేను అడగలేదు.

ఒక సాయంత్రం స్నేహ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మమ్మీ, ఆనందమ్మ ఆంటీ!" అంటూ స్పీకరు పెట్టింది.

"అక్కా, నానే. ఇంకా సూదెయ్యలేదు. ముందు ఫొటో తియ్యండి, అప్పుడే ఎయ్యండి అన్నాను. ఆ మేడం నవ్వింది. మళ్ళీ అడిగితే డాక్టరుగారికి కోపమొచ్చింది. అంత అనుమానముంటే ఎల్లిపొమ్మన్నాడు. ఎందుకు కోపమొచ్చిందక్కా? ఫొటోయే గదా అడిగినాను? లాడ్జికి వొచ్చేసినాం. స్టీమరుకింకా టైముంది."

ఫోనులో మాట్లాడటం నాకు ఇప్పటికీ కష్టం. ఎదుటివాళ్ళ ముఖం కనబడాలి. మాటలన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఒక్కటి చేతికి దొరికింది.

"చెయ్యి?"

"చెయ్యి జాగర్తగానే ఉందక్కా. మొన్న ఎల్లగానే చెప్పినారు, ఇప్పట్నుంచే కదపొద్దని. గుడ్డతో మెడకి కట్టేసినాం."

"విప్పు," అన్నాను. "ఇప్పుడే విప్పు."